యంత్రాల ముచ్చట్లు: మూడు గంటలు కొడితే ఏం చెయ్యాలి?



ఒక ఊళ్ళో రెండు బడులు ఉన్నాయనుకోండి. మొదటి బడిలో మూడు గంటలు కొడితే అన్నాలకు వదిలారని అర్థం. రెండో బడిలో మూడు గంటలు కొడితే మూడో పీరియడు మొదలైందని అర్థం. మొదటి బడిలో చదువుకునే కుర్రవాడొకడు రెండో బడిలో చేరాడు. చేరిన రోజునే, మూడు గంటలు వినపడగానే పుస్తకాలు సర్దుకుని ఇంటికి బయలుదేరాడు. మేష్టారు వాణ్ణి గుమ్మంలో పట్టుకున్నారు.

తప్పు ఎవరిది? కుర్రవాడిది కాదు, వాడు గంటలు సరిగానే లెక్కపెట్టాడు. గంట కొట్టినవాడిదీ కాదు. మూడు అనే అంకె రెండు చోట్లా ఒకటే గాని, దాని అర్థం మటుకు రెండు చోట్లా ఒకటి కాదు. గంటకు బదులు బంట్రోతు వాకిట్లో నిలబడి, “అన్నాలకు పొండి!” అని కేక వేస్తే ఏ బడిలోనూ ఈ పొరపాటు జరగదు.

సరిగా ఇలాటి చిక్కే కంప్యూటర్ల లోపల కూడా ఉన్నది. అక్కడ పొరపాటు జరిగితే కుర్రవాడు తిరిగివచ్చి బెంచీమీద కూర్చున్నట్టు తేలిగ్గా పోదు. చేస్తున్న పని సగంలో చచ్చిపోతుంది. ఆ చిక్కు ఏమిటో, దాన్ని ఎలా విప్పారో ఈ నెల చెప్పుకుందాం.

పెంకూ, పప్పూ

పులిహోర చేసే పద్ధతి కాగితంమీద రాసి ఉంటుంది. ఆ కాగితం ఎన్నిసార్లు చదివినా కడుపు నిండదు. అమ్మ పొయ్యి వెలిగించి, ఆ ప్రకారం చేస్తూ ఉంటేనే వంట జరుగుతున్నట్టు. కంప్యూటరులోనూ అంతే. రాసిపెట్టిన పద్ధతికి ప్రోగ్రాం అని పేరు. అది నడుస్తూ ఉన్నప్పుడు దాన్ని ప్రాసెస్ అంటారు. ఒకే కాగితం చూసి రెండు పొయ్యిలమీద ఇద్దరు వండవచ్చు. అలాగే ఒకే ప్రోగ్రాం ఒకేసారి రెండు ప్రాసెస్‌లుగా నడవవచ్చు.

కంప్యూటరులో ఒక్కొక్క ప్రాసెస్‌కు ఒక్కొక్క గది ఉంటుంది. ఒకదాని గదిలోకి మరొకటి తొంగిచూడటానికి వీల్లేదు. ఈ ప్రాసెస్‌లన్నిటికీ జాగా పంచి, వంతులవారీగా పని చేయించి, తగవులు తీర్చే పెద్ద ఒకటి ఉన్నది. దాని పేరు కెర్నల్. ఇంగ్లీషులో ఆ మాటకు గింజలోపలి పప్పు అని అర్థం. బాదంకాయకు పెంకు పైన ఉంటుంది, పప్పు లోపల ఉంటుంది. తెరమీద మనకు కనిపించే బొమ్మలూ, బొత్తాలూ పెంకు వంటివి. కెర్నల్ లోపలి పప్పు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే కెర్నల్ పేరు లినక్స్. ప్రపంచంలోని పెద్ద పెద్ద కంప్యూటర్లలో కూడా లినక్సే ఎక్కువగా ఉన్నది.

గదిలో తలుపు వేసుకుని పని చేసుకుంటున్న ప్రాసెస్‌కు, “ఇక ఆపు,” అనో, “నీవు కోరిన సమయం అయింది,” అనో చెప్పాలంటే ఎలా? అందుకు కెర్నల్ దగ్గర ఒక గంట ఉన్నది. ఆ గంటను సిగ్నల్ అంటారు. మనం సంకేతం అందాం.

పలకమీద గీతలు

సంకేతం అంటే ఉత్తరం కాదు. అందులో ముఖ్యమైనది ఒక అంకె, అంతే. కొన్ని అంకెలు చూడండి. 1 వస్తే, “నీతో మాట్లాడుతున్న తీగ తెగిపోయింది,” అని. వెనకటి రోజుల్లో కంప్యూటరుతో టెలిఫోను తీగద్వారా మాట్లాడేవారు. అవతలివాళ్ళు ఫోను పెట్టేస్తే ఈ సంకేతం వచ్చేది. కీబోర్డుమీద కంట్రోల్ మీటా, సీ మీటా కలిపి నొక్కితే 2 వస్తుంది. “ఇక చాలించు,” అని దాని అర్థం. అలారం మోగితే 14. తనది కాని జాగాలో చెయ్యి పెట్టిన ప్రాసెస్‌కు 11.

కెర్నల్ ఈ సంకేతాన్ని ఎలా అందిస్తుందో చూడండి. ఒక్కొక్క ప్రాసెస్ పేర ఒక్కొక్క పలక ఉందనుకోండి. మామూలు కంప్యూటర్లలో లినక్స్ ఆ పలకమీద 64 గళ్ళు గీసింది. 15వ సంకేతం పంపితే 15వ గడిలో ఒక గీత పడుతుంది. ప్రాసెస్ ఏదో పనిమీద కెర్నల్ దగ్గరికి వచ్చి, తిరిగి తన గదిలోకి పోయేటప్పుడు, గడప దగ్గర కెర్నల్ ఆ పలక చూస్తుంది. గీత ఉంటే, “ముందు దీని సంగతి చూసుకుని తరవాత లోపలికి పో,” అంటుంది. తనంత తాను రాని ప్రాసెస్‌ను గడియారం మధ్య మధ్య బయటికి పిలుస్తూనే ఉంటుంది. అంచేత పలక చూపించుకోకుండా ఎవరూ తప్పించుకోలేరు.

సంకేతం అందినప్పుడు ప్రాసెస్‌కు మూడు దారులున్నాయి. ఒకటి: కెర్నల్ నియమించిన ప్రకారం నడవటం. చాలా సంకేతాలకు ఆ నియమం చావే! రెండు: విననట్టు ఊరుకోవటం. మూడు: “ఈ సంకేతం వస్తే ఈ పని చేస్తాను,” అని ముందుగానే చెప్పిపెట్టుకుని, అలా చెయ్యటం.

మూడో దారి తొక్కాలంటే కెర్నల్ చాలా జాగ్రత్తగా ఉండాలి. లెక్క చేస్తున్న పిల్లవాణ్ణి మధ్యలో పిలిస్తే, చేతిలో పెన్సిలు ఎక్కడ పెట్టాడో, ఎన్నో అంకె దగ్గర ఆగాడో గుర్తుపెట్టుకోవాలి గదా? అలాగే ప్రాసెసరు తన దగ్గర రిజిస్టర్లు అనే చిన్న చిన్న గిన్నెల్లో అంకెలు పెట్టుకుని పని చేస్తుంది. కెర్నల్ ఆ గిన్నెలన్నీ వరసగా ఖాళీ చేసి, అందులోవి భద్రపరిచి, సంకేతం పని అయిపోగానే ఎక్కడివి అక్కడ పోసేయాలి. ఒక్కటి తారుమారైనా లెక్క పాడవుతుంది. పాత ఇంటెల్ 386లో ఇలాటి మామూలు గిన్నెలు 8. నేటి 64 బిట్ల ఇంటెల్ రకంలో 16. ఫోన్లలో ఉండే 64 బిట్ల ఆర్మ్ రకంలో 31. అంచేత ఈ సర్దే పని ప్రతి రకం యంత్రానికీ విడిగా రాయవలసిందే.

మర్యాద సంకేతం, మొండి సంకేతం

అన్నిటిలోకి మీరు తెలుసుకోవలసినవి రెండు: 15, 9. పదిహేనుకు టెర్మ్ అని పేరు. “బాబూ, దుకాణం కట్టెయ్యి,” అని మర్యాదగా చెప్పటం. ప్రోగ్రాం రాసినవారు ముందుచూపు గలవారైతే, 15 రాగానే రాస్తున్న పుస్తకం భద్రం చేసి, తెరిచిన పెట్టెలు మూసి, అప్పుడు సెలవు పుచ్చుకునేటట్టు ఏర్పాటు చేస్తారు. తొమ్మిదికి కిల్ అని పేరు. అది వచ్చిందంటే మూడు దారులూ మూసుకుపోయినట్టే. ప్రాసెస్‌కు ఆఖరి మాట చెప్పుకునే వ్యవధి కూడా ఉండదు.

ఇంత కఠినం ఎందుకూ అంటారేమో. అన్ని సంకేతాలనూ కాదనే హక్కు ఉంటే, చెడిపోయిన ప్రోగ్రాం ఒకటి కంప్యూటరునంతా పట్టి కూర్చుంటుంది, దాన్ని కదిలించేవారు ఉండరు. అందుకని రెండు సంకేతాలను మామూలు ప్రాసెస్ ఏదీ కాదనరాదని నియమం. ఒకటి చంపేది, రెండోది ఉన్నచోట ఆపేది. ఆపేదానికి స్టాప్ అని పేరు. ఆగినదాన్ని మళ్ళీ నడిపేదానికి కంట్ అని పేరు.

మీలో కొందరికి ఈ అనుభవం అయే ఉంటుంది. ఫోనులో బొమ్మ వేస్తూ, దాన్ని అలాగే వదిలి ఒక పెద్ద ఆట తెరుస్తారు. కాసేపటికి తిరిగివచ్చి చూస్తే బొమ్మ మాయం! తమ్ముడిమీద కేకలు వేయకండి. ఫోనులో జాగా చాలక, ఎదుట కనిపించని ప్రాసెస్‌లకు ఆండ్రాయిడ్ 9వ సంకేతం పంపుతుంది. 15 పంపి వేచి ఉండే తీరిక అప్పుడు దానికి లేదు. ఈ సంగతి ఎరిగిన నేర్పరులు, తెరమీదినుంచి పక్కకు తప్పుకునే క్షణంలోనే బొమ్మ భద్రం చేసేటట్టు ప్రోగ్రాం రాస్తారు. ఎరగనివారు రాసిన ప్రోగ్రాం అయితే మీ బొమ్మ పోయినట్టే. భద్రపరిచే బొత్తాం ఉంటే అప్పుడప్పుడూ నొక్కుతూ ఉండండి.

కంప్యూటరును పద్ధతిగా ఆపమన్నప్పుడు అది కాస్త తాత్సారం చెయ్యటానికీ ఇదే కారణం. లినక్స్ ఉన్న కంప్యూటరు ముందు అందరికీ 15 పంపి, కొంతసేపు ఆగి, అప్పటికీ కదలనివారికే 9 పంపుతుంది. ఆ కొంతసేపూ ఓపిక పట్టలేక తీగ లాగేస్తే, అందరికీ ఒక్కసారి 9 పంపినదానికన్నా అన్యాయం.

యంత్రాన్నిబట్టి సంకేతం

కొన్ని సంకేతాలు మనుషులు పంపేవి కావు, యంత్రమే పుట్టించేవి. 10ని సున్నాతో భాగించమంటే ఏం చేస్తారు? “కుదరదండీ!” అంటారు. ఇంటెల్ రకం ప్రాసెసరు కూడా అలాగే అని, పని ఆపి కెర్నల్‌ను పిలుస్తుంది. కెర్నల్ ఆ ప్రాసెస్ పలకమీద 8వ గడిలో గీత పెడుతుంది. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసరు తీరు వేరు. పూర్ణాంకాన్ని సున్నాతో భాగించమంటే, అది ఏమీ అనకుండా జవాబు సున్నా అని రాసి ముందుకు పోతుంది! అక్కడ గంటే మోగదు. తప్పు దొరికిందని ఒక యంత్రం చెబుతుంది, రెండోది చెప్పదు. అందుకనే మంచి ప్రోగ్రాం రాసేవారు గంట మోగుతుందిలే అని ఊరుకోక, భాగించేముందే సున్నా ఉన్నదేమో చూసుకుంటారు.

ఇంకొకటి చూడండి. నాలుగు బైట్ల అంకెను జాగాలో పెట్టేటప్పుడు అది 0, 4, 8, 12 ఇలా నాలుగుతో భాగింపబడే చోటనే మొదలుకావాలని స్పార్క్ అనే ప్రాసెసరు పట్టుపడుతుంది. తప్పి 6 దగ్గర మొదలుపెడితే కెర్నల్ ఆ ప్రాసెస్‌కు బస్ అనే సంకేతం పంపుతుంది. (ఇది రోడ్డుమీద పోయే బస్సు కాదు. ప్రాసెసరునుంచి అంకెలు ప్రయాణం చేసే తీగల వరసకు కూడా బస్ అనే పేరు.) ఇంటెల్ రకం మామూలుగా ఆ తప్పును పట్టించుకోదు.

ఇక అసలు చిక్కుకు వద్దాం. దానికి కొంచెం వెనక్కి పోవాలి. 1969లో అమెరికాలో, బెల్ లేబరేటరీలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనేవారు యూనిక్స్ అనే పద్ధతికి శ్రీకారం చుట్టారు. తరవాత అది పి.డి.పి.-11 అనే యంత్రంమీద పెరిగింది. ఆ యంత్రం చేసినవారు డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్. ఆ యంత్రానికి ఐ.ఓ.టి., ఇ.ఎం.టి. అని రెండు ప్రత్యేకమైన ఆజ్ఞలుండేవి. వాటికోసం యూనిక్స్‌లో 6, 7 సంకేతాలు కేటాయించారు. బస్ అనే సంకేతానికి 10 వచ్చింది.

1991లో ఫిన్లండు దేశంలో, హెల్సింకిలో, లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి ఇంటెల్ 386మీద లినక్స్ రాయటం మొదలుపెట్టాడు. ఆ యంత్రానికి ఇ.ఎం.టి. అనే ఆజ్ఞ లేదు. అంచేత ఇంటెల్‌మీది లినక్స్‌లో ఆ సంకేతానికి చోటు లేకపోయింది. 7 బస్‌కు పోయింది. 10వ గడి ‘యూజర్ వన్’ అనే సంకేతానికి దక్కింది. దీనికి కెర్నల్ ఏ అర్థమూ పెట్టలేదు. ప్రోగ్రాం రాసేవారు తమకు కావలసిన అర్థం పెట్టుకోవచ్చు.

కొన్నాళ్ళకు లినక్స్‌ను ఇతర యంత్రాలమీదికి కూడా తెచ్చారు. అక్కడ అప్పటికే వేరే యూనిక్స్‌లు కాపరం ఉంటున్నాయి. డిజిటల్ వారి ఆల్ఫా యంత్రంమీద ఓ.ఎస్.ఎఫ్.-1 ఉండేది. సన్ కంపెనీ వారి స్పార్క్ మీద సన్ ఓ.ఎస్. ఉండేది. ఆ ప్రోగ్రాముల్లో పాత అంకెలు రాతిమీద చెక్కినట్టు ఉండిపోయాయి. లినక్స్ తన అంకెలే వాడమంటే ఆ ప్రోగ్రాములు నడవవు. అంచేత కొత్తగా వచ్చిన లినక్సే ఆ ఇంటి అలవాటు నేర్చుకున్నది. మిప్స్ అనే మరో యంత్రంమీద ఇంకో యూనిక్స్ వరస పాటించింది. అక్కడ పలకకు గళ్ళు కూడా 64 కాదు, 128.

ఇప్పుడు ఈ పట్టిక చూడండి. ముందుది ఇంటెల్, ఆర్మ్‌లలో అంకె; రెండోది ఆల్ఫా, స్పార్క్‌లలో; మూడోది మిప్స్‌లో.

కిల్: 9, 9, 9
టెర్మ్: 15, 15, 15
బస్: 7, 10, 10
యూజర్ వన్: 10, 30, 16
కంట్ (మళ్ళీ నడు): 18, 19, 25
స్టాప్ (ఆగు): 19, 17, 23

మొదటి రెండూ అంతటా ఒకటే. తక్కినవి చూస్తే మన రెండు బడుల గంటలు గుర్తుకు రావటం లేదూ? ఇంటెల్‌మీద 19 అంటే “ఆగు!” ఆల్ఫామీద అదే 19 అంటే “నడు!”

దీనివల్ల ప్రమాదం ఎలా వస్తుందో చూడండి. లినక్స్‌లో డీడీ అని ఒక ప్రోగ్రాం ఉన్నది. ఒక డిస్కులో ఉన్నదంతా మరో డిస్కుమీదికి నకలు తీయటానికి దాన్ని వాడతారు. అది గంటలకొద్దీ నోరు మెదపకుండా పని చేస్తుంది. దానికి యూజర్ వన్ సంకేతం పంపితే, “ఇంతవరకు ఇంత నకలు తీశాను,” అని చెప్పి, మళ్ళీ పనిలో పడుతుంది. ఇంటెల్ కంప్యూటరుకు అలవాటుపడిన ఒక ఆయన, మిప్స్ యంత్రం దగ్గర కూర్చుని, అలవాటుకొద్దీ దానికి 10 పంపాడనుకోండి. ఆయన అడగదలచినది, “ఎంతవరకు వచ్చావు నాయనా?” అని. కాని అక్కడ 10 అంటే బస్. దానికి నియమం చావు. మూడు గంటలుగా తీస్తున్న నకలు సగంలో ఆగిపోతుంది. కుశలప్రశ్న కాస్తా మరణశాసనం అయిందన్నమాట! ఇళ్ళలో ఇంటర్నెట్ పంచే పెట్టెల్లో మిప్స్ ప్రాసెసర్లు చాలా వాడారు గనక, ఇది ఎక్కడో జరిగే వింత కూడా కాదు.

పేరు పెట్టి పిలవండి

మరి అందరూ కూర్చుని అంకెలన్నీ ఒకటి చేసుకుంటే తీరిపోదా? తీరదు. ఒక ఊళ్ళో ఇళ్ళ నంబర్లన్నీ రాత్రికి రాత్రి మార్చేశారనుకోండి. పాత నంబర్లతో ఇప్పటికే బయలుదేరిన ఉత్తరాలు ఏమవుతాయి? ప్రోగ్రాములు కూడా అలా బయలుదేరిన ఉత్తరాలే. ఇచ్చిన అంకె ఇచ్చిన మాట వంటిది. దానిని నమ్ముకున్నవారు ఎక్కడ ఎందరున్నారో ఇచ్చినవారికే తెలియదు.

అందుకని పెద్దలు వేరే ఉపాయం పన్నారు. 1988లో పోసిక్స్ అనే ప్రమాణం వచ్చింది. ఏ సంకేతానికి ఏ పేరు, ఏ అర్థం అన్నది అది నిర్ణయించింది. కాని, ఆజ్ఞ రాసి పంపటానికి బాగా అలవాటైన 1, 2, 9, 15 వంటి కొద్ది అంకెలు తప్ప, తక్కినవాటిని ఎవరి ఇష్టానికి వారికి వదిలింది. లినక్స్ కెర్నల్ రాతలో ఒక్కొక్క రకం యంత్రానికి ఒక్కొక్క విభాగం ఉంటుంది. తన పేర్లూ అంకెలూ వేరుగా ఉన్న యంత్రం తన విభాగంలో తన పట్టిక పెట్టుకుంటుంది. పాత బరువులేవీ లేని యంత్రానికి అందరికీ ఉమ్మడిగా ఉన్న పట్టికే చాలు. కొత్తగా వచ్చిన రిస్క్-ఫైవ్ అనే యంత్రం ఉమ్మడి పట్టికనే తీసుకున్నది.

ప్రోగ్రాం రాసేవాడు అంకె రాయడు, పేరు రాస్తాడు. ఆ రాతను యంత్రభాషలోకి మార్చేటప్పుడు కంపైలరు అనే దుబాసీ ఆ యంత్రం పట్టిక తీసి, పేరు ఉన్నచోట సరైన అంకె వేస్తుంది. మన డీడీ ఆయన కూడా 10 అనకుండా యూజర్ వన్ అని పేరు రాసి పంపి ఉంటే, మిప్స్‌మీద అదే 16 అయి, నకలు క్షేమంగా సాగేది. బంట్రోతు వాకిట్లో నిలబడి కేక వేసినట్టే!

మీరూ చూడవచ్చు. బడిలోగాని, ఇంట్లోగాని లినక్స్ ఉన్న కంప్యూటరు ఉంటే, పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని టెర్మినల్ అనే కిటికీ తెరవండి. ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కిల్ అని రాసి, కాస్త ఖాళీ వదిలి, ఒక చిన్న అడ్డగీతా, దాని పక్కనే ఎల్ అక్షరమూ కొట్టి, ఎంటర్ నొక్కండి. పేరు చూసి జడుసుకోకండి. ఇలా రాస్తే అది ఎవరినీ ఏమీ చెయ్యదు, పట్టిక మాత్రం చూపిస్తుంది. అందులో 10కి ఎదురుగా ఏమున్నదో చూసి, మీది ఏ వరస యంత్రమో చెప్పండి.

చివరికి ఒక చిక్కు ప్రశ్న. ఒక కంప్యూటరులో నడుస్తున్న ప్రోగ్రాముకు 17 పంపితే ఉన్నచోట ఆగిపోయింది. 19 పంపితే లేచి మళ్ళీ నడిచింది. ఆ యంత్రం ఏ వరసది? జవాబు కోసం వచ్చే నెలదాకా ఆగనక్కర్లేదు; పై పట్టికలోనే ఉన్నది.